ఏటి పక్కన ఎర్ర ఇల్లు

ఓబులేసు కట్టిన ఊరు పోయింది ఒక బుధవారం మధ్యాహ్నం. రెండు గంటలకు ఇంకా ఐదు నిమిషాలుంది.

సుదర్శన్ తొమ్మిదో తరగతిలో అద్దాల పాఠం ముగించి, చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటూ కంప్యూటర్ గదికి వచ్చాడు. ఒకప్పుడు అది ఆటల సామాన్లు పడేసే కొట్టు. ఏడు నెలల కిందట తన ఇంట్లో కొడుకు ఓబులేసు వాడిన కంప్యూటర్‌ని కమలాపురం నుంచి ఆటోలో, పాత దుప్పట్ల మధ్య పెట్టి తెచ్చాడు. హైస్కూలు మొత్తానికి అదొక్కటే. భోజనాల తర్వాత పిల్లలు వంతులవారీగా వచ్చి దాని ముందు కూర్చుంటారు.

గదిలో ముగ్గురు ఆడపిల్లలున్నారు. తెర నిండా నీళ్ళు.

మొదట అతనికి అర్థం కాలేదు. చూడగా చూడగా నీళ్ళ మధ్య మిట్ట మీద గుడి కనిపించింది. ఊళ్ళు కట్టే ఆ ఆటలో అది చర్చి. ఓబులేసు దాన్ని గుడి అనేవాడు. కిందివీధి లేదు. వీధిలో అటూ ఇటూ తిరిగే చీమంత మనుషులు లేరు. ఏటి ఒడ్డున ఉండాల్సిన ఎర్ర పెంకుల ఇల్లు లేదు. అది ఉండిన చోట నీలం రంగు మెల్లగా కదులుతూ ఉంది.

ఎవరు చేశారని అడిగాడు. ఏడో తరగతి రమ్యశ్రీ లేచి నిలబడింది. మగ్గాల వీధి పిల్ల. గోళ్ళ చివర్లకు నూలు రంగు అంటుకుని ఉంది.

"నేనే సార్."

"ఎందుకు?"

ఆ పిల్ల ఒకసారి తెర వైపు చూసింది. "ఏమవుతాదో చూద్దామని సార్."

పక్కనున్న పిల్ల నవ్వు ఆపుకోలేక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. సుదర్శన్ ముఖం చూసి ఆ చేయి అట్లాగే ఉంచుకుంది.

"దాచినావా?"

"దాచినా సార్. కరెంటు పోయే యాళయింది కదా."

రోజూ రెండింటికి కరెంటు పోతుంది. అందుకే ఈ గదిలో పిల్లలకు మొదటి రోజు నేర్పిన పాఠం అది. ఏ పని చేసినా రెండు కాకముందే దాచుకోవాలి. మిషను ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది, అవును అని నొక్కాలి. అట్టముక్క మీద రాసి గోడకు అంటించింది కూడా అతనే. అవును అంటే పాతదాని మీద కొత్తది కూర్చుంటుందనీ, పాతది ఇక దొరకదనీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అతను పిల్లల మీద చేయి ఎత్తింది లేదు. ఇప్పుడూ ఎత్తలేదు.

"నువ్వు ఇంక ఈ గదిలోకి రావద్దు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "కడపలో సైన్సు ప్రదర్శనకు రాసిన నీ పేరు కూడా తీసేస్తా. పో."

రమ్యశ్రీ గడప బయట చెప్పులు వేసుకుంటూ ఏదో చెప్పబోయి, చెప్పకుండా వెళ్ళింది. మిగిలిన ఇద్దరూ ఆమె వెనకే పోయారు. కరెంటు పోయింది. పంకా రెక్కలు ఒక్కొక్కటే కనబడుతూ ఆగిపోయాయి. సుదర్శన్ కంప్యూటర్ మీద గుడ్డ కప్పాడు. అతని భార్య శ్రీవాణి కుట్టిన తొడుగు అది. నాలుగు మూలలా నాలుగు నాడాలు. నాలుగూ కట్టాడు. తర్వాత స్టాఫ్ రూములోకి పోయి, కడప జాబితాలో ఏడో పేరు మీద గీత గీశాడు.

*

ఆ రోజు కమలాపురంలో నీళ్ళొచ్చే రోజు. అతను బస్సు దిగి ఇంటికి చేరేసరికి శ్రీవాణి వీధి కుళాయి దగ్గర తన వంతు కోసం నిలబడి ఉంది. మూడు రోజులకొకసారి, గంటసేపు వస్తాయి. అతను సంచి అరుగు మీద పెట్టి బిందెలందుకున్నాడు. ఆమె నింపుతుంటే అతను లోపలికి మోశాడు. ఒక చేత్తో నడుము పట్టుకుని వంగుతూ ఆమె ఆదివారం పనులు చెప్పింది. శాస్త్రిగారు తొమ్మిదికల్లా వస్తానన్నాడు. తన అన్న వాళ్ళు రాలేరు. పొట్లకాయ దొరుకుతుందో లేదో తెలియదు, వాడికి పొట్లకాయ ఇష్టం.

ఆదివారానికి ఓబులేసు పోయి ఏడాది.

ఆఖరి బిందె నిండుతుండగా ఆమె అంది. "సోమవారం నేను బడికొస్తా. వాడి ఊరు సూడాల."

ఇన్నాళ్ళూ ఆమె చూడనంది. కంప్యూటర్ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ గదిలోకే పోలేదు. బడికి ఇద్దామని అతను అన్నప్పుడు ఒకటే అడిగింది, వాడి ఊరు అట్లాగే ఉంటుంది కదా అని. ఉంటుందన్నాడు.

"దాంట్లో మన ఇల్లు గూడా ఉండాదంట. ఎర్రది, ఏటి పక్కన. మీకు చెప్పినాడో లేదో. నాకు చెప్పినాడు."

అతనికి చెప్పలేదు. ఏడు నెలలుగా ఆ ఎర్ర ఇంటిని అన్ని ఇళ్ళలో ఒక ఇల్లుగానే చూశాడు.

బిందె పొర్లింది. ఆమె కుళాయి కట్టేసి అతని వైపు చూసింది.

"సరే" అన్నాడు సుదర్శన్. బిందె భుజానికెత్తుకుని లోపలికి పోయాడు.

*

గురువారం పొద్దున ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు దేవేంద్రప్ప రమ్యశ్రీని ముందుకు పిలిచాడు. ఆయనది ఆదోని వైపు. మంచి మనిషే, కానీ మైకు దొరికితే విడిచిపెట్టడు. విషయం పిల్లల నోట ఆయన చెవిన పడింది. సుదర్శన్ సారు కన్నకొడుకు గుర్తుగా బడికిచ్చిన మిషనును ఈ పిల్ల చెడగొట్టిందని చెప్పాడు. ఊళ్ళు ముంచే బుద్ధి పుట్టిందంటే అది ఇంటి పెంపకమని, మునిగేటప్పుడు పక్కనుండి నవ్వినవాళ్ళదీ అదే బుద్ధి అనీ అన్నాడు. నాలుగు వందల మంది పిల్లలు ఎండలో నిలబడి విన్నారు.

సుదర్శన్ ఉపాధ్యాయుల వరసలో మూడోవాడు. మిషను చెడలేదని అతనికి తెలుసు. ఒక్క అడుగు ముందుకు వేసి ఒక్క మాట చెబితే సరిపోయేది. జెండా కర్రకు తాడు టపటపా కొట్టుకుంటుంటే దాన్ని చూస్తూ నిలబడ్డాడు. రమ్యశ్రీ తల దించలేదు. దేవేంద్రప్ప మాట్లాడినంతసేపూ ఆ పిల్ల సుదర్శన్‌నే చూస్తూ ఉంది.

అందరూ తరగతులకు కదిలాక దేవేంద్రప్ప అతని పక్కన నడిచాడు. "ఏమప్పా, గట్టిగా ఒక మాట చెప్పకుంటే వీళ్ళకు భయముంటాదా? ఎంత దుడ్లు పోస్తే వస్తాదప్పా మనకు ఇంకొక మిషను?"

"మిషను బాగానే ఉండాది సార్."

"బాగుండాదా? ఇంకేమప్పా, మంచిదే గదా" అని ఆయన ఆఫీసు గదిలోకి పోయాడు.

శుక్రవారం రమ్యశ్రీ బడికి రాలేదు. మధ్యాహ్నం కంప్యూటర్ గది ఊడ్చిన అటెండరు ఏసన్న, బల్ల వెనక పడి ఉందంటూ ఒక నోటు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. అట్ట మీద ఆ పిల్ల పేరుంది. సుదర్శన్ నిలబడే తిరగేశాడు. లెక్కల మధ్య ఒక పేజీలో స్కేలు పెట్టి గీసిన గళ్ళు, గళ్ళలో పెన్సిలు రాత.

ఊరు 1. గుడి మునిగె. బడి మునిగె. ఎర్రిల్లు మునిగె. ఊరు 2. గుడి ఉండాది. బడి మునిగె. ఎర్రిల్లు మునిగె. అట్లా ఎనిమిది ఊళ్ళు. చివరి గడిలో: ఊరు 9. కట్ట ఉండాది. చూడాల.

పుస్తకం టక్కున మూశాడు. ఒకసారి కాదన్నమాట, తొమ్మిదిసార్లు. ముంచుతూ, లెక్క రాసుకుంటూ. ఈ పుస్తకం వాళ్ళ పెద్దవాళ్ళకే చూపించాలనుకుని సంచిలో పెట్టుకున్నాడు.

*

సాయంత్రం బడి విడిచాక మగ్గాల వీధికి నడిచాడు. రమ్యశ్రీ అవ్వ పుల్లమ్మ అతన్ని చూసి లేవబోతే వద్దని గోడ వార కూర్చున్నాడు. నడవలోనే గుంత మగ్గం. మగ్గం మీద రమ్యశ్రీ కూర్చుని ఉంది, కాళ్ళు గుంతలో. పుల్లమ్మ పక్కన పీట వేసుకుని ఉంది. ఆమె లేవకుండానే చెంబుతో నీళ్ళందించి, చూపు మళ్ళీ మగ్గం మీదికి తిప్పుకుంది.

చీర పూర్తయి కోసేసినట్టున్నారు. మగ్గం మీద మూరెడు పొడవున పడుగు పోగులు మాత్రం మిగిలి ఉన్నాయి. పుల్లమ్మ చిటికెనవేలి గోటితో అందులో ఒక పోగు ఎత్తి పుటుక్కున తెంచింది. ఇంకొంచెం అవతల ఇంకొకటి తెంచింది. రమ్యశ్రీ తెగిన కొసలు రెండూ వెదికి పట్టుకుని, వేళ్ళకు బూడిద అద్దుకుని, మెలి తిప్పి అతికింది. పుల్లమ్మ దాన్ని లాగి చూసింది. ఊడిపోయింది. ఆ పిల్ల మళ్ళీ అతికింది. ఈసారి నిలిచింది. పుల్లమ్మ ఏమీ అనకుండా మూడు పోగులు ఒకేసారి తెంచింది.

సుదర్శన్ పుస్తకం సంచిలోంచి సగం తీసి ఆగిపోయాడు.

"నువ్వే తెంపుతాండావేమవ్వా?"

"నేను తెంపకుంటే దానికి అతికేది యాడొస్తాది అయ్యవారూ?" అంది పుల్లమ్మ. "చీర మింద తెగినప్పుడు నేర్చుకుంటానంటే చీర పోతాది. ఈ మూరెడూ ఎట్లయినా పారేసేదే. దీని మింద ఎంత చెడగొట్టినా తప్పులేదు. మాయమ్మ గూడా నాకట్లే నేర్పె. నేను ఏడుస్తాంటే నవ్వుతాండె ముసల్ది."

రమ్యశ్రీ తల ఎత్తలేదు. మూడు పోగులకు ఆరు కొసలు వెదుకుతూ ఉంది.

సుదర్శన్ పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాడు. "తొమ్మిది ఊళ్ళు ముంచినావా నువ్వు?"

"నేను ముంచింది ఒకటే సార్. తొమ్మిదోది." కొసలు వదలకుండానే చెప్పింది. "ఎనిమిది ఆ అన్న ముంచినాడు."

"ఏ అన్న?"

"ఓబులేసన్న."

సుదర్శన్ చేతిలోని చెంబు కింద పెట్టాడు. నేల ఎగుడుదిగుడుగా ఉంది. చెంబు పక్కకు ఒరిగితే పుల్లమ్మ అందుకుని నిలబెట్టింది.

ఆ పిల్ల తనకు తెలిసినట్టు చెప్పుకుపోయింది. ఊళ్ళన్నీ లోపల వరసగా దాచి ఉన్నాయి. ఊరు ఒకటి, ఊరు రెండు, అట్లా. సార్ చూపించేది ఎప్పుడూ తొమ్మిదోదే. ఒకరోజు తను మిగిలినవి తెరిచింది. అన్నింట్లోనూ నీళ్ళే. మొదటి ఊళ్ళో అన్నీ మునిగాయి. రెండో ఊరికి గుడిని మిట్ట మీదికి తెచ్చాడు. నాలుగో ఊళ్ళో వంతెన ఎత్తు పెంచాడు. ఎనిమిదో ఊళ్ళో వెనక కాలువ లోంచి నీళ్ళు తిరుక్కొని వచ్చి బడి మునిగింది. తొమ్మిదో ఊరికి ఆ కాలువకు అడ్డంగా కట్ట కట్టాడు.

"కట్టి ఇంక ముంచలా సార్. ముంచకుండా అట్లే ఇడిసిపెడితే కట్ట నిలబడతాదో లేదో ఎట్ల తెలుస్తాది?"

వీధిలో ఎక్కడో ఇంకో మగ్గం ఆడుతూ ఉంది.

"నిలబడిందా?" అన్నాడు సుదర్శన్.

"నిలబడింది సార్. బడికాడికి సుక్క నీళ్ళు రాలా. మీరు ముందర తట్టే సూసినారు. తిప్పి సూపిద్దామనుకుంటి. మీరు పొమ్మంటిరి." కొసలు అతికి, గోటితో సాపు చేసి, మళ్ళీ అంది. "ఒకటే తెలియలా సార్ నాకు. ఆ ఎర్రిల్లు తొమ్మిది ఊళ్ళలోనూ ఏటి పక్కనే పెట్టినాడు. ప్రతిసారీ మునిగినా జరపలా. కట్టకు బయటే ఇడిసిపెట్టినాడు. అంత తెలివైనోడు, ఎందుకట్ల?"

పుల్లమ్మ మనవరాలి మోకాలు తట్టి ఊరకుండమన్నట్టు చూసింది. సుదర్శన్ పుస్తకం ఆ పిల్ల పక్కన పెట్టి లేచాడు.

గడప దగ్గర, రేపు బడికి పంపమన్నాడు.

"అదే పోనంటాంది. నిన్న ఇంటికొచ్చి ఏడవను గూడా లేదు, నేరుగా మగ్గమెక్కింది." పుల్లమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె మాటలో కోపం లేదు. "అందరి ముందర నిలబెట్టినారంట గదా అయ్యవారూ. మాట గూడా అందరి ముందరే రావాల కదా."

*

శనివారం ఏసన్న తలుపులు తీసేసరికే సుదర్శన్ బడి దగ్గర ఉన్నాడు. తొడుగు నాడాలు విప్పి కంప్యూటర్ ఆన్ చేశాడు. ఊళ్ళన్నీ వరసగా ఉన్నాయి, పక్కన దాచిన తేదీలు.

ఆరో ఊరి పక్కన తేదీ నిరుడు మే పద్నాలుగు. ఆ సాయంత్రం అతనికి గుర్తుంది. వాడు లోపల గదిలో పగలబడి నవ్వుతుంటే ఏమిటా అని పోయి చూశాడు. తెర మీద ఇళ్ళు మునుగుతున్నాయి. మనుషులు పరుగెత్తుతున్నారు. అతను ఏమీ అడగకుండా గోడ దగ్గరికి పోయి స్విచ్చి తీసేశాడు. కట్టేదానికి చేతగానోళ్ళే చెడగొడతారు అన్నాడు. ఓబులేసు చీకటి తెర ముందు కొంతసేపు కూర్చుని లేచి పోయాడు.

ఏడో ఊరి తేదీ మే పదిహేను.

ఒక్కొక్కటీ తెరిచాడు. ఏవేవి మునిగాయో ఆ పిల్ల సరిగ్గానే రాసింది. ఆఖర్న తొమ్మిదోది తెరిచి, బాణం గుర్తు నొక్కుతూ ఊరిని మెల్లగా తిప్పాడు. గుడి వెనక మట్టికట్ట. కట్టకు ఈవల బడి పొడిగా ఉంది. దాని ముందు చీమంత మనుషులు రోజూ తిరిగినట్టే తిరుగుతున్నారు. కట్టకు ఒక చోట మూల బాగా కుదరక, ఇంకో వరస వేసి సరిచేసిన గుర్తు ఉంది. ప్రార్థన గంట కొట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ప్రార్థన చివర సుదర్శన్ దేవేంద్రప్పను అనుమతి అడిగి మైకు దగ్గరికి పోయాడు. రమ్యశ్రీ ఏడో తరగతి వరసలో ఆఖర్న నిలబడి ఉంది. గేటు అవతల పుల్లమ్మ చిరుగుల గొడుగు వేసుకుని నిలుచుంది.

"గురువారం ఇక్కడ చెప్పిన మాట తప్పు" అన్నాడు. "రమ్యశ్రీ మిషను చెడగొట్టలేదు. దాచమని నేర్పింది నేను. దాస్తే పాతది పోతుందని చెప్పనిది కూడా నేనే. తప్పని తెలిసీ ఆ రోజు నేను మాట్లాడలేదు."

మైకు వదిలి వెనక్కి వచ్చి తన వరసలో నిలబడ్డాడు. దేవేంద్రప్ప కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, డ్రిల్లు మొదలుపెట్టమన్నాడు. గేటు దగ్గర గొడుగు కదిలి వీధి మలుపు తిరిగింది.

స్టాఫ్ రూములో కడప జాబితా తీశాడు. కొట్టేసిన పేరు కింద అదే పేరు మళ్ళీ రాశాడు. కొత్త కాగితం తీసుకోలేదు. దేవేంద్రప్ప గీత వైపు, పేరు వైపు చూసి సంతకం పెట్టాడు.

*

ఆదివారం శాస్త్రిగారు వెళ్ళాక, శ్రీవాణి విస్తళ్ళు తీస్తుంటే చెప్పాడు.

"ఊరు మునిగింది. బుధవారమే. నీకు చెప్పలేదు."

ఆమె విస్తరాకు మడిచి పట్టుకునే కూర్చుంది. ఎవరు ముంచారని అడిగింది. బళ్ళో ఒక పాప అన్నాడు. అంతకు ముందు ఎనిమిది ఊళ్ళు వాడే ముంచాడని, ఎందుకు ముంచాడో కూడా, ఆ పిల్ల చెప్పిన వరసలోనే చెప్పాడు.

"ఆ పొద్దు మీరు స్విచ్చి తీసేసినారే. అప్పుడు గూడా ఇదేనా?"

"ఇదే."

శ్రీవాణి తల ఊపింది. విస్తరాకు పక్కన పెట్టి, రేపు ఎన్నింటి బస్సుకు రావాలని అడిగింది.

సోమవారం భోజనాల తర్వాత ఆమె వచ్చింది. గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఆమెకు వేశారు. రమ్యశ్రీ నిలబడే ఊరు తిప్పి చూపించింది. ఇది కట్ట. ఇది బడి. ఇదిగో ఈ మూల అన్న రెండుసార్లు కట్టినాడమ్మా. శ్రీవాణి ముందుకు వంగి ఆ మూల చూసింది. తెరను ముట్టుకోబోయి చేయి వెనక్కి తీసుకుంది.

"ఎర్రిల్లు యాడుండె?"

రమ్యశ్రీ నీళ్ళ మీద వేలు పెట్టింది. తర్వాత తన ప్రశ్న ఆమెనూ అడిగింది. ఆ ఇల్లొక్కటి ఎందుకు జరపలేదో.

శ్రీవాణి ఆ నీలం రంగునే చూస్తూ చెప్పింది. "మాకు మూడు దినాలకొకసారి నీళ్ళొస్తాయి పాపా. బిందెలెత్తి ఎత్తి నాకు నడుమునొప్పి. ఏటి పక్కన ఇల్లుంటే బాగుండురా అంటాంటి వాడితో. ఊరికే అన్న మాటది."

రమ్యశ్రీ ఆలోచించింది. "గట్టు మింద ఇల్లు కట్టి, ఏట్లో నుంచి పైపు ఏయొచ్చు కదమ్మా?"

శ్రీవాణి నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకద్దుకుంది. "నువ్వు వాడికి చెప్పుంటే బాగుండు" అంది.

నీళ్ళు తీసేయనా అని ఆ పిల్ల అడిగింది. తీయమంది శ్రీవాణి. నీలం రంగు వెనక్కి పోతూ పోతూ ఏటిలోకి చేరింది. కిందివీధి ఉండిన చోట బురద రంగు మిగిలింది. రెండింటికి ఇంకా నాలుగు నిమిషాలుంది. రమ్యశ్రీ దాచడానికి నొక్కింది. మిషను ఎప్పటిలాగే ఇంగ్లీషులో అడిగింది. ఆ పిల్ల వేలు ఆపి సుదర్శన్ వైపు తిరిగింది.

అతను వంగి చదివాడు. "పాతదాని మీదనే పెట్టాలా, వేరే పేరుతో పెట్టాలా అని అడుగుతాంది. పాతదాని మీద పెడితే పాతది పోతాది."

"వేరే పేరు సార్" అంది. ఊరు 10 అని కొట్టింది.

కరెంటు పోయింది. శ్రీవాణి లేచి, తను కుట్టిన తొడుగు తానే కప్పి నాడాలు కట్టింది.

రమ్యశ్రీ కడప పోయి వచ్చింది. పదో ఊళ్ళో కిందివీధి మళ్ళీ లేచింది. ఆ పిల్లా, ఆ రోజు పక్కన నవ్విన పిల్లా కలిసి గుడి వెనక రెండో కట్ట కట్టారు, దాన్ని రెండుసార్లు ముంచి చూశారు కూడా. ఎర్ర ఇల్లు గట్టు మీద పెట్టాలా, ఏటి పక్కనే పెట్టాలా అన్నది మాత్రం శ్రీవాణిని అడిగారు. ఆలోచించి చెప్తానంది. ఇంకా చెప్పలేదు. ఆ ఇల్లు ఇంకా కట్టలేదు.